మతాల పాఠాలు చెప్పే భానుశ్రీ

ఢిల్లీలోని పాత రాజేందర్ నగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలకు మతాల గురించి ఏ సందేహం వచ్చినా భానుశ్రీ మేడమ్ దగ్గరికే వెళతారు. ఆమెది సూర్యాపేట. కలెక్టరు కావాలని ఢిల్లీ వచ్చి, రాయగలిగినన్నిసార్లు పరీక్ష రాసి, ఒక్కసారి ఇంటర్వ్యూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఊరికి పోయి ఏం చెప్పాలో తోచలేదు. రాజేందర్ నగర్లోనే ఓ ఇరుకు మేడమీది కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పడానికి కుదురుకుంది. ఆమెకు దక్కిన సబ్జెక్టు ‘ప్రపంచ మతాలు – పరిచయం’.

దేవుడంటే ఆమెకు భక్తీ లేదు, పేచీ లేదు. గుడికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. కానీ పాఠం చెప్పడంలో దిట్ట. కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు చాపి, "ఐదు అనగానే నాలుగు మతాలు గుర్తుకు రావాలి" అనేది. ముసల్మానులకు కలిమా, నమాజు, రోజా, జకాత్, హజ్. సిక్కులకు ఒంటిమీద ఉండాల్సిన ఐదు గుర్తులు, కేశాల నుంచి కిర్పాను కత్తి దాకా. బౌద్ధులకు పంచశీల. జైనులకు అహింస, సత్యం, దొంగిలించకపోవడమనే అస్తేయం, బ్రహ్మచర్యం, ఏదీ తనదని దాచుకోని అపరిగ్రహం. యూదులు శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా పని ముట్టరనీ, క్రైస్తవులు రొట్టెనూ ద్రాక్షరసాన్నీ పంచుకోవడంలో ఏసు శరీరాన్నీ రక్తాన్నీ చూస్తారనీ ఆమె చెబుతుంటే పిల్లలు గబగబా రాసుకునేవాళ్ళు. మూడు వారాల్లో లోకంలోని మతాలన్నీ అయిపోయేవి.

ఆ డిసెంబరులో జైనం వంతు వచ్చినప్పుడు భానుశ్రీకి ఓ ఆలోచన తట్టింది. ఎంతసేపూ తను చెప్పడమేనా, ఇంట్లోనే జైన పిల్ల ఉండగా? ఇషితను క్లాసుకు రమ్మంది.

ఇషిత ఆమె రూమ్మేటు. వాళ్ళ తాత మార్వాడ్ నుంచి వరంగల్ వచ్చి వెండి దుకాణం పెట్టుకున్నాడు. ఇషిత పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి ఇంట్లో మార్వాడీ, వీధిలో తెలుగు. తర్వాత వ్యాపారం తండ్రిని ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్ చేర్చింది. తల్లిదండ్రులు అంత దగ్గర్లో ఉన్నా చదువు కోసమని ఇషిత రాజేందర్ నగర్‌లో గది తీసుకుంది. అలా ఇద్దరూ కలిశారు. ఒకే గది, ఒకే గ్యాసు పొయ్యి, ఒకే కూలరు. సివిల్స్ ఇషితకూ అందలేదు గానీ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అయినా గది వదల్లేదు. సరోజినీ నగర్ మార్కెట్లో బేరమాడి ఇషిత కొన్న బట్టలు ఇద్దరూ కట్టేవాళ్ళు.

క్లాసులో ఇషిత చక్కగా మాట్లాడింది. నీళ్ళు వడగట్టి తాగడం ఎందుకో చెప్పింది. నేల కింద పెరిగే ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఎందుకు తినకూడదంటారో చెప్పి, తాను ఒకప్పుడు కరోల్‌బాగ్‌లో ఆలూ టిక్కీ కోసం లైన్లో నిలబడ్డ సంగతీ చెప్పింది. పిల్లలు నవ్వారు. గుంటూరు నుంచి వచ్చిన సాత్విక్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"సాధువుల మహావ్రతాలు ఉన్నాయి కదండీ. ఇల్లు, డబ్బు, బండి అన్నీ వదిలేయడం. ఈ రోజుల్లో కూడా ఎవరైనా తీసుకుంటున్నారా? అంటే మనలాంటి మామూలోళ్ళు?"

"చాలా తక్కువ" అనబోయింది భానుశ్రీ.

"తీసుకుంటరు. ఫిబ్రవరిలో నేను తీసుకుంటున్న" అంది ఇషిత.

క్లాసంతా మళ్ళీ నవ్వింది. భానుశ్రీ కూడా నవ్వింది. ఇషిత నవ్వలేదు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. బోర్డు మీద ‘అపరిగ్రహం’ అని రాస్తూ ఉన్న భానుశ్రీ చేతిలో మార్కరు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత క్లాసు ఎలా ముగించిందో, ఎవరు ఏం అడిగారో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు.

గదికి వచ్చాక తలుపు వేసి నిలదీసింది.

"నాకు చెప్పకపోతివి గదనే. ముప్పై మంది పోరగాండ్ల ముందట చెప్తవా?"

"నీకు చెప్పాల్నని ఎన్నిసార్లు మొదలువెట్టిన్నో. ప్రతిసారి నువ్వు నవ్విస్తవు. ఇయ్యాల ఆ పిలగాడు అడిగిండు. అబద్ధం చెప్పబుద్ధి గాలే."

"సివిల్స్ పోయిందనా?"

"కాదు. నౌకరొచ్చినంకనే మొదలైంది. ఒక దినం మెట్రోల నిలవడ్డ. ఇంక నాకేం కావాలె అని నన్ను నేనే అడిగిన భానూ. ఒక్కటి గుడ యాదికి రాలే. ముందుగాల భయమైంది. తర్వాత చానా హాయిగ అనిపించింది."

భానుశ్రీ మంచం మీద కూలబడింది. తనకు ఏమేం కావాలో చెప్పమంటే తెల్లారేదాకా చెప్పగలదు. పక్క మంచం మీద పడుకునే మనిషికి ఏమీ అక్కర్లేకుండా పోయిందంటే ఎలా నమ్మడం?

పక్క మంచం అనుకోగానే ఇంకో సంగతి తగిలింది. ఇషిత ఆ మంచం మీద పడుకుని ఎన్నాళ్ళయింది? నడుము నొప్పికి నేల మంచిదని భానుశ్రీయే అనుకుంది. పొద్దుగూకాక తినడం మానేస్తే డైటింగ్ అనుకుంది. సరోజినీ నగర్ బట్టలన్నీ ఒక్కొక్కటే తన బీరువాలోకి చేరుతుంటే, పిల్లకు చెయ్యి పెద్దది అనుకుంది. ఇషిత అబద్ధం చెప్పలేదు. అడిగితే చిన్నగా నవ్వేది, అంతే. ఆ వ్రతాలన్నీ క్లాసులో నోటికి అప్పజెప్పే మనిషి, సొంత గదిలో అవే జరుగుతుంటే కనిపెట్టలేకపోయింది.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఘాజియాబాద్ వెళ్ళింది. ఇంటివాళ్ళ ఒప్పుదల లేకుండా దీక్ష ఇవ్వరన్న సంగతి ఆమెకు తెలుసు. తల్లి ఒక్క ‘కాదు’ అంటే చాలు. ఏ తల్లి అవునంటుంది?

ఇషిత తల్లి మంజులా బాయి వరండాలో పెసరపప్పు ఏరుతోంది. భానుశ్రీని చూసి చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది.

"తెలిసినట్టుంది. రా బేటా, కూర్చో."

"ఆంటీ, మీరు వద్దంటే ఆగుతది. ఒక్కమాట అనుండ్రి."

"మూడేండ్లు అన్న. మూడేండ్లు వద్దనే అన్న. సంబంధాలు తెచ్చిన. ఒక పిలగాడు మంచిగున్నడు, నాకే నచ్చిండు. ఆఖరుకు అన్నం మానేస్తనని నేనే బెదిరించిన. అది నా ముందట కూసుండి, నువ్వు తినేదాకా నేను తినను మమ్మీ అన్నది. మూడో దినం ఇద్దరం కలిసి తిన్నం. అంతల్నే నాకర్థమైంది, అది కోపంతోటి పోతలేదని. కోపంతోటి పోయేదైతే ఆపుదును."

తనతో కలిసి పోరాడుతుందని భానుశ్రీ అనుకున్న తల్లి ఎప్పుడో ఆ పోరాటం ముగించి, ఓడిపోయి, ఇప్పుడు నింపాదిగా పప్పులో రాళ్ళు ఏరుతోంది.

"మీకు బాధ లేదా ఆంటీ?"

"బాధ లేకేంది? దానికి పెరుగన్నంల దానిమ్మ గింజలేసుకునుడు ఇష్టం. ఇంకమీద ఎవరింట్ల ఏం వెడితే అదే తినాలె. అడుగరాదు." ఆమె ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "నువ్వు ఆపగలిగితే ఆపు. నేనేం అనుకోను."

ఆపడానికి మిగిలింది ఒక్క చోటు. ఆ వీధి చివరే జైన సాధువులు బస చేసే స్థానకం ఉంది. ఇషిత ఎవరి దగ్గర దీక్ష తీసుకోబోతోందో ఆ పెద్ద సాధ్వి అక్కడే బస చేసి ఉంది. సాధ్వులను అక్కడివాళ్ళు మహాసతీజీ అంటారు. విగ్రహాలు లేని పెద్ద హాలు, ఫ్యాను కూడా లేదు. తెల్లబట్టలు కట్టి, నోటికి తెల్లని గుడ్డ కట్టుకున్న డెబ్బై ఏళ్ళ ఆవిడ చాప మీద కూర్చుని ఉంది. నోట్లోంచి వచ్చే వెచ్చని గాలికి చిన్న ప్రాణులు చావకూడదని ఆ గుడ్డ కడతారని భానుశ్రీకి తెలుసు. పరీక్షలో రెండు మార్కులకు అడుగుతారు.

ఆమె నమస్కారం పెట్టి నేరుగా అడిగింది. "మంచి ఉద్యోగంలో ఉన్న పిల్లను ఎందుకు తీసుకుపోతున్నారు మహాసతీజీ?"

పక్కనున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. పెద్దావిడ మాత్రం హిందీలో మెల్లగా చెప్పింది. "తీసుకుపోవడం లేదు బేటీ. వెళ్ళిపొమ్మని రెండుసార్లు పంపించాను. ఎండాకాలంలో మాతో చెప్పుల్లేకుండా మీరట్ దాకా నడిపించాను, భయపడి పారిపోతుందేమోనని. కాళ్ళు బొబ్బలెక్కాయి. మళ్ళీ వచ్చింది. నువ్వేం పని చేస్తావు?"

"మతాల గురించి పాఠాలు చెబుతాను. అన్ని మతాలూ."

పెద్దావిడ కళ్ళు వెలిగాయి. కాస్త ముందుకు వంగింది. "అచ్ఛా. అయితే ఒకటి చెప్పు. క్రైస్తవుల సిస్టర్లు బస్సు ఎక్కవచ్చా?"

"ఎక్కవచ్చు."

"బౌద్ధ భిక్షుణులు మాలాగా జుట్టు పీకుతారా, గొరుగుతారా?"

"గొరుగుతారు."

"అదృష్టవంతులు" అందావిడ. నోటిగుడ్డ వెనక నవ్వు కళ్ళలోకి వచ్చింది. ముసల్మానులలో ఇలా ఇల్లు వదిలే పద్ధతి ఉందా అని అడిగింది. సంసారంలో ఉంటూనే దేవుడి ఆజ్ఞ పాటించడం వాళ్ళ దారి అని భానుశ్రీ చెప్పింది. సిక్కు గురువులూ సంసారం వదలమనలేదనీ, అందుకే గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే లంగరులో లక్షాధికారి కూడా ఎంగిలి పళ్ళేలు కడుగుతాడనీ చెప్పింది. పెద్దావిడ ప్రతి మాటకూ తల ఊపుతూ, పక్కనున్న సాధ్వులకు "విన్నారా" అంటూ కూర్చుంది. పోట్లాడటానికి వచ్చిన మనిషి ఎండ వాలేదాకా పాఠం చెప్పి లేచింది. వీధిలోకి వచ్చాక గానీ తాను వచ్చిన పని జరగలేదని తట్టలేదు. తనమీద తనకే కోపం వచ్చింది.

ఫిబ్రవరి వచ్చింది. సూర్యాపేట నుంచి భానుశ్రీ తల్లి హనుమాయమ్మ ఫోన్‌లో, "దానికి పెండ్లి చేస్తే అయిపోవు గదా, గీ కథంత ఏందే" అంది. ఇషిత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. గదిలోని ఆమె సామాను ఒక సంచిలోనే పట్టింది. ఖాళీ అయిన మంచాన్ని ఇంటి యజమానురాలు కిందికి దింపించుకుంది.

దీక్ష రోజున ఘాజియాబాద్ వీధిలో బ్యాండు మేళం వాయించారు. ఇషిత పెళ్ళికూతురిలా ఎర్ర లెహంగా, నగలు వేసుకుని రథం మీద నిలబడి, రెండు చేతులా బియ్యం, చిల్లర డబ్బులు, బట్టలు జనం మీదికి విసురుతోంది. ఆడవాళ్ళు కొంగులు పట్టి ఏరుకుంటున్నారు. ఆమె ముఖంలో ఉన్న సంతోషాన్ని చూసి భానుశ్రీ బెదిరిపోయింది. ఏడుస్తూ పోతుంటే చెయ్యి పట్టి లాగవచ్చు. ఇలా పోయే మనిషిని ఎక్కడ పట్టుకోవాలి?

హాలు కిటకిటలాడుతోంది. తల్లీ తండ్రీ లేచి, చేతులు జోడించి, తమ ఒప్పుదల చెప్పారు. పెద్ద సాధ్వి సంఘాన్ని కూడా అడిగింది. ఇలా అడగటం ఆనవాయితీ. అందరూ ఒక్క గొంతుతో సరేననడమూ ఆనవాయితీయే.

భానుశ్రీ లేచి నిలబడింది.

"నాకు ఇష్టం లేదు" అంది హిందీలో.

తనే అన్నదో, మరెవరైనా అన్నారో ఆమెకు తెలియలేదు. వందల తలలు ఆమె వైపు తిరిగాయి. ముందు వరుసలో ఎవరో మగాయన కోపంగా లేవబోయాడు. పెద్ద సాధ్వి అతన్ని కూర్చోమని సైగ చేసింది.

"ఆ పిల్ల ఇషితతో ఆరేళ్ళు ఒకే గదిలో ఉంది" అందావిడ. "మనం తల్లిని అడిగాం, తండ్రిని అడిగాం. ఆ పిల్లను అడగలేదు. తప్పు మనది. ఆమె మనసు కుదుటపడేదాకా ఆగుదాం."

నిజంగానే ఆగారు. మైకు ఆగింది. పాట ఆగింది. వేదిక మీద ఎర్ర లెహంగాలో ఇషిత కూడా కదలకుండా నిలబడింది. బతిమాలలేదు, కన్ను గీటలేదు. ఊరికే చూస్తోంది. భానుశ్రీ తనను ఎవరో పట్టుకుని బయటికి పంపేస్తారనుకుంది. అలా పంపేస్తే గుండె భారం దించుకుని ఇంటికి పోయేది. ఈ నిర్ణయాన్ని నిజంగానే తన చేతిలో పెడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఏం అడగాలి? క్లాసులో చెప్పేవేవీ గుర్తు రాలేదు. ఏదో ఏడాది ఇద్దరికీ ఒకేసారి డెంగీ వచ్చింది. ఎవరికి కాస్త తగ్గితే వాళ్ళు లేచి రెండోవాళ్ళకు గ్లూకోజు నీళ్ళు కలిపేవారు. అదొక్కటే కళ్ళముందు కదిలింది. తెలుగులో అడిగింది.

"నీకు జరమొస్తే ఎవరు చూస్తరే?"

హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఇషిత కుటుంబం ఒక్కటే. ఏమంటోందని పెద్ద సాధ్వి అడిగింది. మంజులా బాయి ఆ మాటను హిందీలోకి మార్చబోయి, సగంలో ఆగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతదాకా ఒక్క కన్నీటి చుక్క కార్చని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రే మిగతా సగం చెప్పాడు.

పెద్దావిడ తన పక్కనున్న నలుగురు సాధ్వులనూ ఒకసారి చూసింది. అందరికంటే చిన్న సాధ్వి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, "నేను చూస్తాను" అంది. ఆ వెనుకే మిగిలినవాళ్ళూ అన్నారు. పెద్దావిడ భానుశ్రీ వైపు తిరిగింది. "నాకు రెండేళ్ళ కిందట కాలు విరిగింది. ఈ పిల్లలు నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి జైపూర్ నుంచి తోసుకుంటూ నడిచొచ్చారు. ఇంతకంటే నేను హామీ ఇవ్వలేను."

ఇషిత అప్పుడు వేదిక దిగి వచ్చి భానుశ్రీ ఎదుట చేతులు జోడించింది. "ఇన్నేండ్లల్ల నిన్నేమన్న నొప్పిస్తే మాఫ్ చెయ్ భానూ. క్లాసుల చెప్పింది తప్పే. ముందుగాల నీకే చెప్పాల్సుండె."

భానుశ్రీ కూర్చుంది. సరే అనలేదు. కూర్చోవడమే సరే అనడం అయింది.

తర్వాత జరిగిందంతా ఆమె నీళ్ళ కింద నుంచి చూసినట్టు చూసింది. ఇషితను తెర వెనక్కి తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి తల నున్నగా ఉంది, నడినెత్తిన నాలుగు వెంట్రుకలు తప్ప. ఒంటిమీద తెల్లబట్ట, నోటికి తెల్లగుడ్డ. ఆ మిగిలిన వెంట్రుకలను పెద్ద సాధ్వి చేత్తో పట్టి పెరికింది. ఒకసారి, రెండోసారి. ఇషిత కనుబొమ్మ కూడా ముడిపడలేదు. భానుశ్రీ మాత్రం తన తల రెండు చేతులతో పట్టుకుంది. ఇకమీద ఏడాదికి రెండుసార్లు తల మొత్తం ఇలాగే. చేతికి ఉన్ని చీపురు ఇచ్చారు, కూర్చునే ముందు చీమలను పక్కకు తప్పించడానికి. కొత్త పేరు చదివారు. సాధ్వి ఉపశాంత.

మంజులా బాయి వేదిక దగ్గరికి వెళ్ళింది. బిడ్డను ముద్దాడుతుందనుకుంది భానుశ్రీ. అరవై ఏళ్ళ తల్లి మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి, కన్నకూతురికి మొక్కింది. "మహాసతీజీ" అని పిలిచింది. ఆ పిలుపు విని భానుశ్రీ ఇక అక్కడ నిలవలేక బయటికి వచ్చేసింది.

ఆ వారం ఆమె పాఠం చెప్పలేకపోయింది. తర్వాత చెప్పింది. ఐదు వేళ్ళ చిట్కా మానలేదు, పిల్లలకు పరీక్ష పరీక్షే. కాకపోతే రోజా ఉపవాసం గురించి చెప్పేటప్పుడు పాఠం ఆపి, వెనక బెంచీలో కూర్చునే కర్నూలు ముసల్మాను పిల్లను, "ఎండాకాలంలో దాహం ఎట్లుంటది?" అని అడిగింది. ఆ పిల్ల చాలాసేపు చెప్పింది. క్లాసు సిలబస్ వెనకపడింది. సెంటరు యజమాని సణిగాడు.

మార్చి నెలాఖరులో మంజులా బాయి ఫోన్ చేసింది. మహాసతులు ఢిల్లీ వైపు నడుస్తున్నారనీ, కొన్నాళ్ళు కరోల్‌బాగ్ స్థానకంలో ఉంటారనీ. భిక్షకు ఏ వీధికి, ఏ ఇంటికి వస్తారో వాళ్ళు ముందుగా చెప్పరు. చెప్పకూడదు. భానుశ్రీ రోజూ కాస్త ఎక్కువ వండడం మొదలుపెట్టింది. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఆలుగడ్డ లేదు. పెసరపప్పు, మెత్తని రొట్టెలు. ఎవరూ రాకపోతే అదే రెండు పూటలా తినేది.

ఒక పొద్దున తలుపు దగ్గర "దయా పాలో", అంటే దయ పాటించండి, అన్న గొంతు వినిపించింది. పెద్ద సాధ్వి కాదు, వేరొకామె. ఆమె వెనక చెప్పుల్లేని కాళ్ళతో, చెక్క పాత్రల జోలెతో ఉపశాంత. కాళ్ళు నల్లబడి పగిలాయి. కళ్ళు మాత్రం అవే. ఒకప్పుడు తాను ఉన్న గది లోపలికి ఆ కళ్ళు తొంగిచూడలేదు. గడప దగ్గరే ఆగాయి.

భానుశ్రీ రొట్టెల గిన్నె తెచ్చింది.

మొదటి సాధ్వి గిన్నె వైపు చూసింది, గదిలో ఒక్కటే మంచం ఉండటం చూసింది. "ఒక్కదానివే ఉంటావా బేటీ? ఇన్ని ఎవరికోసం చేశావు?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో భానుశ్రీకి తెలుసు. తమకోసమని వండింది సాధువులు తీసుకోరు. గృహస్థు తనకోసం చేసుకున్న దాంట్లో కొంచెం ఇస్తేనే అది భిక్ష. ఈ ముక్క ఆమె ఎన్ని బ్యాచులకు చెప్పిందో. నాకోసమే, సాయంత్రానికి కూడా అని ఒక్కమాట అంటే చాలు. ఆ అబద్ధం నాలిక చివరికి వచ్చింది. ఎదురుగా ఉన్న కళ్ళు చూసింది.

"మీకోసమే" అంది.

సాధ్వి తల ఊపింది. కోపగించుకోలేదు. చెయ్యెత్తి దీవించి వెనక్కి తిరిగింది. ఉపశాంత కూడా చెయ్యెత్తింది. భానూ అనలేదు, నవ్వలేదు. లేక నవ్విందేమో, గుడ్డ అడ్డం ఉంది. జోలె ఖాళీగా మెట్లు దిగిపోయారు.

భానుశ్రీ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. నిజం చెప్పినందుకు ఇంత శిక్షా అనిపించింది. అప్పుడు కింది అంతస్తు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఇంటి యజమానురాలు పంజాబీ ఆంటీ గొంతు వినిపించాయి. "ఆయియే మహారాజ్, ఇప్పుడే మేమందరం తినబోతున్నాం" అంటోందామె. ఎవరో, ఎందుకొచ్చారో ఆమెకు పెద్దగా తెలిసినట్టు లేదు. చెక్క పాత్ర మూత తీసిన చప్పుడైంది.

భానుశ్రీ మెట్ల కమ్మీ పట్టుకుని వంగి చూసింది. ఆంటీ తన పిల్లల పళ్ళెంలోంచి రెండు ఫుల్కాలు తీసి ఆ పాత్రలో పెడుతోంది. పైన కాస్త పెరుగు వేసింది. ఇషితకు ఈ పూట తిండి దొరికింది. భానుశ్రీ గదిలోకి వచ్చి నేల మీద కూర్చుని, తను చేసిన రొట్టెలు తినడం మొదలుపెట్టింది.